పైన్ చెట్టు జీనోమ్ మనిషి జీనోమ్‌కు ఏడు రెట్లు. క్రోమోజోములు మాత్రం పన్నెండు జతలే. ఎలా?

వనమాలి_విజయనగరం

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. వివృతబీజాల (కాయ లేకుండా విత్తనం బయటికే ఉండే మొక్కల) పాఠంలో పైనస్ వస్తుంది. రెక్కల పరాగరేణువులు, శంకువులు, 2n = 24 (మామూలు కణంలో 24 క్రోమోజోములు), అంతటితో అయిపోతుంది. ఈ ఏడాది ఒక అమ్మాయి లేచి, "మనిషికి 46 క్రోమోజోములు, పైన్‌కు 24. కానీ డీఎన్ఏ పైన్‌కే చాలా ఎక్కువట కదా సార్, అదంతా ఎక్కడుంటుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. అరకొర జవాబుతో సరిపెట్టడం నాకిష్టం లేదు.

లెక్కలు చూశాను. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో కలప కోసం పెంచే లోబ్లాలీ పైన్ జీనోమ్, అంటే ఒక వరస క్రోమోజోముల్లోని డీఎన్ఏ మొత్తం, దాదాపు 2,200 కోట్ల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు). మనిషిది 310 కోట్లు. మన వరిది 40 కోట్లకు అటూ ఇటూ. రొట్టె గోధుమ జీనోమ్ పెద్దదంటే అర్థముంది, అది షట్‌స్థితికం (ఆరు వరసల క్రోమోజోములున్నది), మూడు గడ్డిజాతుల జీనోములు అందులో కలిశాయి. పైన్ కూడా అలా రెట్టింపులైందా? అయితే క్రోమోజోముల సంఖ్య పెరగాలి కదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, క్లాసులో మళ్లీ చెప్పాలి.

సుధ_కణశాస్త్రం

వనమాలి గారూ, ముందు ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

డీఎన్ఏ అంతా ఆ పన్నెండు జతల్లోనే ఉంటుంది. 2,200 కోట్లను 12తో భాగించండి. ఒక్కో క్రోమోజోముకు సగటున 180 కోట్ల బేస్ జతల పైనే వస్తుంది. మనిషి క్రోమోజోముల్లో అన్నిటికన్నా పెద్దదైన ఒకటో నంబరు క్రోమోజోములో ఉన్నవి 25 కోట్లు. అంటే పైన్‌లో ఒక్క క్రోమోజోము మనిషి మొత్తం జీనోములో సగాన్ని మించుతుంది. ఒక బేస్ జతకు 0.34 నానోమీటర్ల చొప్పున లెక్క కడితే, పైన్ ఆకులోని ఒక మామూలు కణంలో డీఎన్ఏ పొడవు సుమారు 15 మీటర్లు. మనిషి కణంలో రెండు మీటర్లు. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి, పిల్లలకు ఇక మర్చిపోవడం ఉండదు.

మైక్రోస్కోపు కింద పైన్ క్రోమోజోములు చాలా పొడవుగా, దాదాపు అన్నీ ఒకే సైజులో, సెంట్రోమియర్ (క్రోమోజోము రెండు చేతులు కలిసే నొక్కు) నడిమధ్యలో ఉండి కనిపిస్తాయి. చివరి ఒకటి రెండు జతలు మాత్రం కాస్త పొట్టివి, వాటిలో సెంట్రోమియర్ ఓ పక్కకు జరిగి ఉంటుంది. మూడోది ఏదో ఏడోది ఏదో కంటితో చెప్పడం చాలా కష్టం. అందుకే ఫ్లోరెసెంట్ ప్రోబులు వాడి, రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువులు ఏ క్రోమోజోము మీద ఎక్కడున్నాయో వెలిగించి గుర్తుపడతారు. పైన్లలో ఈ జన్యువుల గుంపులు చాలా క్రోమోజోముల మీద ఉంటాయి, పూలమొక్కల్లో సాధారణంగా ఒకటి రెండు జతలకే పరిమితం. ఇంకో విచిత్రం కూడా ఉంది. క్రోమోజోము కొనల్లో ఉండాల్సిన టీలోమియర్ వరస, అంటే మొక్కల్లో వచ్చే టీటీటీఏజీజీజీ, పైన్లలో కొనలతో పాటు సెంట్రోమియర్ దగ్గర కూడా పట్టీలుగా వెలుగుతుంది.

ఇక రెట్టింపు సంగతి. కోనిఫర్లలో, అంటే పైన్ లాంటి శంకువుల చెట్లలో, బహుస్థితికత (క్రోమోజోముల వరసలు రెండుకు మించడం) చాలా అరుదు. పైన్, స్ప్రూస్, దేవదారు, లార్చ్, ఫర్ అన్నీ పైనేసీ కుటుంబమే, దాదాపు అన్నిటికీ n (ఒక వరసలోని క్రోమోజోముల సంఖ్య) = 12. సైప్రస్, జూనిపర్ కుటుంబానికి n = 11. మన కుండీల్లో క్రిస్మస్ ట్రీ అని పెంచే అరకేరియాకు n = 13. వీటి పూర్వీకులు విడిపోయి కోట్ల ఏళ్లు గడిచినా ఒక్కో కుటుంబంలో సంఖ్య దాదాపు కదల్లేదు. అంటే జీనోమ్ పెరగడానికి కారణం వేరేచోట వెతకాలి. స్వీడన్‌లో ఉన్న తమ్ముడు ఈ పని దగ్గర్నుంచి చూస్తున్నాడు, అతను చెప్తే బాగుంటుంది.

ఉమెయో_విద్యార్థి

మేడం, నన్ను గుర్తుపెట్టుకున్నందుకు చాలా సంతోషం. నేనున్న ఊళ్లో కిటికీ తీస్తే కనిపించేది నార్వే స్ప్రూసే, అందుకని దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

2013లో నేచర్ పత్రికలో నార్వే స్ప్రూస్ జీనోమ్ వచ్చింది. కోనిఫర్లలో మొదట ప్రచురించిన జీనోమ్ ముసాయిదాల్లో ఇదొకటి. కెనడాలో వైట్ స్ప్రూస్ కూడా అదే ఏడాది. సైజు సుమారు 2,000 కోట్ల బేస్ జతలు. గట్టి ఆధారాలతో గుర్తించిన జన్యువులు 28,354. ఆవాల కుటుంబంలోని చిన్న కలుపు మొక్క అరబిడాప్సిస్‌ జన్యువులు కూడా దాదాపు అన్నే, కానీ దాని జీనోమ్ 13.5 కోట్లే. సైజులో నూటయాభై రెట్ల తేడా, జన్యువుల్లో తేడా లేదు.

మిగతా డీఎన్ఏలో ఎక్కువ భాగం రెట్రోట్రాన్స్‌పోజాన్లు. కణంలో ఇవి తమను తాము ఆర్ఎన్ఏగా రాసుకుని, మళ్లీ డీఎన్ఏగా మార్చుకుని, జీనోములో ఇంకోచోట దూరతాయి. పాత కాపీ పాతచోటే ఉంటుంది, కొత్తది అదనంగా చేరుతుంది. జిప్సీ, కోపియా అని రెండు పెద్ద కుటుంబాలు. ఇవి మొక్కలన్నిటిలో ఉన్నాయి. వరిలో ఉన్నాయి, మొక్కజొన్నలో మరీ ఎక్కువ.

అయితే అన్నిటిలో చేరుతున్నప్పుడు కోనిఫర్లలోనే ఇంత ఎందుకు మిగిలింది? స్ప్రూస్ జీనోమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ మూలకాల్లో ప్రతిదానికీ రెండు కొనల్లో ఒకే వరస ఉంటుంది, దాన్ని ఎల్‌టీఆర్ అంటాం. కొత్తగా దూరిన రోజున ఆ రెండు కొనలూ అచ్చంగా ఒకటే. తర్వాత కాలం గడిచేకొద్దీ ఒక్కోదానిలో వేర్వేరు ఉత్పరివర్తనాలు చేరి తేడా పెరుగుతుంది. కాబట్టి రెండు కొనల మధ్య తేడా లెక్కపెడితే ఆ మూలకం ఎప్పుడు దూరిందో అంచనా వేయొచ్చు. మొక్కజొన్నలో ఇలా లెక్క కడితే చాలా మూలకాలు గత కొద్ది మిలియన్ల ఏళ్లలో వచ్చినవే. స్ప్రూస్‌లో అలా కాదు. కోట్ల ఏళ్ల వెనకటివి కూడా ఇంకా అక్కడే ఉన్నాయి. ఒక్కసారిగా వచ్చిపడినవి కావు, మెల్లమెల్లగా చేరుతూ వచ్చాయి.

తొలగింపు ఎలా జరుగుతుందంటే, ఆ రెండు కొనలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి పునఃసంయోగంలో (డీఎన్ఏ తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు) అవి ఒకదానితో ఒకటి జతకట్టవచ్చు. అప్పుడు మధ్యలో ఉన్నదంతా ఊడిపోయి, ఒక్క కొన మాత్రం గుర్తుగా మిగులుతుంది. దాన్ని ఒంటరి ఎల్‌టీఆర్ అంటారు. వరిలో ఇలాంటివి కొల్లలు, అంటే అక్కడ తొలగింపు జోరుగా సాగుతోంది. స్ప్రూస్‌లో పూర్తి మూలకాలతో పోలిస్తే ఒంటరి కొనలు చాలా తక్కువ. చెరువులోకి పూడిక అందరికీ వస్తుంది. వరి ఏటా పూడిక తీస్తుంది, స్ప్రూస్ కోట్ల ఏళ్లుగా తీయలేదు. పూడిక రావడం ఆగకపోతే ఏమవుతుందో మనకు తెలిసిందే.

కృష్ణాతీరం

చాలా స్పష్టంగా చెప్పారు. కానీ ఒక అభ్యంతరం ఉంది. "కోనిఫర్లలో జీనోమ్ రెట్టింపు లేదు" అని అంత గట్టిగా అనగలమా? విత్తనమొక్కలన్నిటి ఉమ్మడి పూర్వీకుడిలో, అంటే ముప్ఫై కోట్ల ఏళ్ల కిందట, ఒక రెట్టింపు జరిగిందని 2011లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ వాదించింది. 2015లో మరో బృందం పైన్ల పూర్వీకుల్లోనూ సైప్రస్‌ల పూర్వీకుల్లోనూ విడివిడిగా రెట్టింపులు జరిగాయని రాసింది. ఇవన్నీ పక్కన పెట్టేసి మొత్తం భారం రెట్రోట్రాన్స్‌పోజాన్ల మీదే పెట్టడం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

ఉమెయో_విద్యార్థి

కృష్ణాతీరం గారూ, ఆ పాత రెట్టింపుల గురించి వాదన ఇంకా నడుస్తోంది, దాన్ని నేను కాదనడం లేదు. కొన్ని విశ్లేషణలు ఆ సంకేతాన్నే ప్రశ్నించాయి. కానీ వనమాలి గారి ప్రశ్న ఇప్పటి సైజు గురించి. ముప్ఫై కోట్ల ఏళ్ల నాటి రెట్టింపు ఒకటి ఉన్నా, అది వరికీ మామిడికీ కూడా ఉమ్మడి వారసత్వమే. వరి పూర్వీకుల్లో ఆ తర్వాత ఇంకా రెట్టింపులు జరిగాయి, అయినా వరి జీనోమ్ 40 కోట్ల దగ్గరే ఆగింది. స్ప్రూస్‌లో ఇటీవలి రెట్టింపు జాడ లేదు, అయినా 2,000 కోట్లు. కాబట్టి ఎన్నిసార్లు రెట్టింపయింది అనేదానికన్నా, చేరినదాన్ని ఎంత వేగంగా వదిలించుకుంటుంది అనేదే సైజును నిర్ణయిస్తోంది. నా పట్టు ఈ ఒక్కదాని మీదే.

రెడ్‌వుడ్_లక్ష్మి

నేను ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటాను, వారాంతాల్లో రెడ్‌వుడ్ అడవుల్లో వాలంటీరుగా పనిచేస్తాను. సుధ గారు "చాలా అరుదు" అన్నారు కాబట్టి ఆ అరుదైనదాన్ని నేను చెప్తాను.

కోస్ట్ రెడ్‌వుడ్, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు, షట్‌స్థితికం. దానికి 66 క్రోమోజోములు, అంటే 11 గుణకారం 6. ఈ సంఖ్యను 1943లో జపాన్‌కు చెందిన హిరాయోషి, నకమురా లెక్కపెట్టారు. 1948లో వృక్షశాస్త్రవేత్త స్టెబిన్స్ దాని మూలాల గురించి సైన్స్ పత్రికలో రాస్తూ అప్పుడే కొత్తగా చైనాలో సజీవంగా దొరికిన మెటాసెక్వోయా అనే బంధువు చెట్టుతో పోల్చి చూశాడు. వేర్వేరు జాతులు కలిసి రెడ్‌వుడ్ పుట్టిందా, లేక ఒకే వంశంలో క్రోమోజోములు రెట్టింపులయ్యాయా అని చాలాకాలం వాదించుకున్నారు. ఇటీవలి జన్యు ఆధారాలు రెండోదాని వైపే మొగ్గాయి.

దాని దగ్గరి బంధువైన జెయింట్ సెక్వోయా, బరువులో ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టు, మామూలు ద్వయస్థితికమే. 2n = 22. దాని జీనోమ్ 2020లో వచ్చింది, 810 కోట్ల బేస్ జతలు, పదకొండు క్రోమోజోముల వరకూ అమర్చారు. రెడ్‌వుడ్‌ది 2,650 కోట్లు.

అంటే ఈ కుటుంబంలో ఒక చెట్టుకు సైజు రెట్టింపుల వల్ల వచ్చింది. పైన్లలో అవి లేకుండానే దాదాపు అంతే సైజు వచ్చింది. రెండు దారులు, ఒకే చోటికి. షుగర్ పైన్ మరీ పెద్దది, 3,100 కోట్లు, దానికీ పన్నెండు జతలే. 2016లో అది ప్రచురించినప్పుడు, లోబ్లాలీ కంటే అంత ఎక్కువ కావడానికి కారణం ఈ మధ్యకాలంలో అక్కడ రెట్రోట్రాన్స్‌పోజాన్లు జోరుగా చేరడమే అని చూపించారు.

రెడ్‌వుడ్‌కు షట్‌స్థితికం ఎలా నిలబడింది అని నేను చాలా ఆలోచిస్తాను. కొట్టేసిన మోడు నుంచి పిలకలు వేయడం దానికి సహజం. అడవిలో వలయాకారంగా నిలబడ్డ చెట్లు చాలావరకు ఒకే మోడు నుంచి వచ్చినవి. విత్తనం సరిగా కట్టకపోయినా వంశం నిలుస్తుంది. పైన్‌కు సాధారణంగా ఆ వెసులుబాటు లేదు.

సుధ_కణశాస్త్రం

లక్ష్మి గారు చెప్పిన చివరి మాట చాలా ముఖ్యం. కణవిభజనను మధ్యలో ఆపే కాల్చిసిన్ అనే రసాయనంతో పైన్ నారును చతుస్థితికం (నాలుగు వరసలు) చేసి చూసిన ప్రయత్నాలు ఉన్నాయి. ఆ మొక్కలు గిడసబారి, సూదులు మందంగా, వంకరగా వచ్చి, మామూలు మొక్కలకన్నా వెనకబడ్డాయి. పూలమొక్కల్లో మనకు లాభమైనది ఇక్కడ కలిసిరాలేదు. చిలీ, అర్జెంటీనాల్లో పెరిగే అలెర్సె అనే ఫిట్జ్‌రోయా మాత్రం చతుస్థితికం, 2n = 44. అది కూడా సైప్రస్ కుటుంబమే. పైన్ కుటుంబంలో అలా స్థిరపడింది ఏదీ లేదు.

సంఖ్య మారిన రెండు ఉదాహరణలు మాత్రం పైన్ కుటుంబంలోనే ఉన్నాయి, వాటి లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. మొదటిది డగ్లస్ ఫర్. అందరికీ 24 అయితే దీనికి 26. దాని సొంత ప్రజాతిలోని మిగతా జాతులకు కూడా 24 అనే ఉంది. ఒక పొడవాటి క్రోమోజోము సెంట్రోమియర్ దగ్గర రెండుగా విడిపోయిందని అర్థం చేసుకుంటున్నాం.

రెండోది చైనాలోని బంగారు లార్చ్, సూడోలారిక్స్. దీనికి 2n = 44. మొదట చూస్తే బహుస్థితికం అనిపిస్తుంది. కానీ 22 జతల్లో రెండే మధ్య సెంట్రోమియర్ ఉన్నవి, మిగతా ఇరవైకి సెంట్రోమియర్ ఒక కొసన ఉంటుంది, అంటే ఒకే చెయ్యి. చేతులు లెక్కపెట్టండి. రెండు జతలకు రెండేసి చేతులు, ఇరవై జతలకు ఒక్కోటి, మొత్తం 24. పన్నెండు జతల పైన్‌కు రెండేసి చొప్పున చేతులు ఎన్ని? అవీ 24. పదార్థం పెరగలేదు, పది జతల క్రోమోజోములు నడిమికి విరిగాయి. 1933లోనే కార్ల్ సాక్స్, హాలీ సాక్స్ దంపతులు ఈ పని చేశారు. సీక్వెన్సింగ్ అన్న ఊహ కూడా లేని రోజుల్లో, మైక్రోస్కోపు, రంగు ద్రావణాలు, ఓపిక, ఇవే వాళ్ల సాధనాలు.

పోడోకార్పస్ కుటుంబంలో ఈ విరుగుళ్లూ అతుకులూ చాలా జరిగాయి, అక్కడ n 9 నుంచి 19 దాకా ఉంటుంది. తోటల్లో పెంచే పోడోకార్పస్ మాక్రోఫిల్లస్‌లో ఆడ చెట్టుకు 38, మగ చెట్టుకు 37. లింగ క్రోమోజోముల్లో తేడా వల్ల అలా. దక్షిణ భారతానికి సహజమైన ఏకైక కోనిఫర్ కూడా ఈ కుటుంబానిదే: నేజియా వాలిచియానా, నీలగిరి, ఆనమలై కొండల్లో ఉంది. అక్కడికి వెళ్తే పైన్ తోటలకంటే ముందు దాన్ని వెతికి చూడండి.

కోనసీమ_సరుగుడు

నమస్తే అందరికీ. మాకు సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్నాయి. సూదుల్లాంటి ఆకులు, చిన్న చిన్న శంకువుల్లాంటి కాయలు. పైన్ కుటుంబమే అని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాం. దాని జీనోమ్ కూడా ఇంత పెద్దదేనా? నర్సరీల వాళ్లు క్లోన్లు అమ్ముతున్నారు కాబట్టి తెలుసుకోవాలని.

వనమాలి_విజయనగరం

అన్నా, సరుగుడు కోనిఫర్ కాదు, పూలమొక్క. మీరు సూదులనుకునేవి నిజానికి సన్నటి కొమ్మలు. ఒక కొమ్మను కణుపు దగ్గర విరిచి చూడండి, చుట్టూ పళ్లలా చిన్న పొలుసులు కనిపిస్తాయి, అవే ఆకులు. కాయలు కూడా నిజమైన శంకువులు కావు.

ఉమెయో_విద్యార్థి

సరుగుడు జీనోమ్ 2019లో వచ్చింది బాబాయ్. 30 కోట్ల బేస్ జతలు, తొమ్మిది క్రోమోజోములు. వరి కంటే చిన్నదే. పైన్ లోబ్లాలీతో పోలిస్తే డెబ్బై వంతుల్లో ఒక వంతు. రెండూ ఎత్తుగా పెరుగుతాయి, రెండూ గట్టి కలప ఇస్తాయి, రెండూ ఇసుక నేలల్లో బతుకుతాయి. జీనోమ్ సైజు చూసి చెట్టు గురించి ఏమీ ఊహించలేం అనడానికి మీ తోట కంటే మంచి ఉదాహరణ లేదు.

అసెంబ్లీ_రవి

నేను హైదరాబాద్‌లో జీనోమ్ అసెంబ్లీ సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఇంత పెద్ద జీనోమ్‌ను అసలు ఎలా చదివారో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను.

సీక్వెన్సింగ్ యంత్రం డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కల్ని అతికించాలి. జీనోమ్‌లో ఎక్కువ భాగం ఒకేలాంటి రెట్రోట్రాన్స్‌పోజాన్ కాపీలైతే, ఏ ముక్క ఎక్కడిదో కంప్యూటర్‌కు తెలియదు. పైగా ద్వయస్థితిక చెట్టులో తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ కొంచెం కొంచెం తేడాతో ఉంటాయి. పైన్లు గాలి పరాగంతో పరపరాగ సంపర్కం చేసుకునేవి, కాబట్టి ఆ తేడా ఎక్కువ. టెన్షన్ అంతా అక్కడే.

దీనికి పైన్ విత్తనంలోనే మార్గం ఉంది. బజార్లో చిల్గోజా అని అమ్ముతారు, హిమాచల్‌లోని కిన్నౌర్, అఫ్గానిస్తాన్ పర్వతాల్లో పెరిగే పైన్ గింజ. దాన్ని నిలువుగా చీల్చి చూడండి. నడుమ సన్నటి పుల్లలా కనిపించేది పిండం, దానికి 24 క్రోమోజోములు. చుట్టూ ఉన్న తెల్లటి కండ, మనం రుచి చూసేది, స్త్రీ సంయోగబీజదం. అది ఏకస్థితికం. పన్నెండే క్రోమోజోములు, తల్లి జన్యువుల్లో ఒక్క వరసే. గోధుమ, కొబ్బరి వంటి పూలమొక్కల్లో అంకురచ్ఛదం ఫలదీకరణ తర్వాత వస్తుంది, త్రయస్థితికం. ఇక్కడ ఫలదీకరణ కంటే ముందే పుట్టిన కణజాలం.

2014లో వచ్చిన లోబ్లాలీ పైన్ జీనోమ్‌కు ప్రధానంగా వాడింది ఒకే ఒక్క విత్తనంలోని ఈ ఏకస్థితిక కండ. రెండు కాపీల గందరగోళం ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో డేవిడ్ నీల్, జాన్స్ హాప్కిన్స్‌లో స్టీవెన్ సాల్జ్‌బర్గ్ ఆ పనిని నడిపించినవాళ్లలో ముఖ్యులు. కోట్లాది చిన్న రీడ్లను (యంత్రం చదివిన ముక్కలను) ముందుగా పొడవాటి సూపర్ రీడ్లుగా కలిపేసి, డేటాను దాదాపు వంద రెట్లు కుదించి అసెంబ్లీ చేశారు. అయినా మొదటి వెర్షన్‌లో కోటికి పైగా ముక్కలే మిగిలాయి. క్రోమోజోముల వరకు అమర్చిన పైన్ జీనోమ్ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. సెల్ పత్రికలో వచ్చిన చైనా పైన్, పైనస్ టాబ్యులిఫార్మిస్. 2,540 కోట్ల బేస్ జతలు, పన్నెండు క్రోమోజోములు.

ఆ జీనోమ్‌లో ఇంకో సంగతి బయటపడింది. రెట్రోట్రాన్స్‌పోజాన్లు జన్యువుల మధ్య ఖాళీల్లోనే కాదు, జన్యువుల లోపల ఇంట్రాన్లలో (ప్రోటీన్ తయారీకి ముందు కత్తిరించేసే భాగాల్లో) కూడా దూరాయి. లక్ష బేస్‌లు దాటిన ఇంట్రాన్లు పైన్లలో ఉన్నాయి. అరబిడాప్సిస్ ఇంట్రాన్ మామూలుగా నూటయాభై బేస్‌లు ఉంటుంది. అంత పొడవున్నా జన్యువులు చక్కగా పనిచేస్తున్నాయి.

కృష్ణాతీరం

రవి గారూ, ఇది చాలా కొత్త సంగతి నాకు. ఒక జన్యువును చదవాలంటే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఆ లక్ష బేస్‌ల ఇంట్రాన్ అంతా దాటాలి కదా? ఎంత శక్తి వృథా! అందుకే నాకు ఈ అదనపు డీఎన్ఏకు ఏదో పని ఉందనే అనిపిస్తుంది. చలికి తట్టుకోవడమో, కణం సైజు పెంచడమో. పనిలేనిది ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా నిలుస్తుంది?

ఉమెయో_విద్యార్థి

కణం సైజుకూ జీనోమ్ సైజుకూ సంబంధం ఉన్న మాట నిజం. మొత్తం మొక్కల్లో చూసినా జీనోమ్ పెద్దదైతే కణమూ పెద్దది, విభజన నెమ్మది. కానీ దాన్నిబట్టి ఈ డీఎన్ఏ అంతా అవసరం కోసమే ఉంది అనలేం. నిలవడానికి పని ఉండనక్కర్లేదు, తొలగించే మార్గం బలహీనంగా ఉంటే చాలు.

ఆ బలహీనతకు ఒక కారణం పునఃసంయోగం తీరు. పైన్‌లో క్షయకరణ విభజన జరిగినప్పుడు ఒక్కో క్రోమోజోము జతలో రెండు మూడు చోట్ల మాత్రమే వినిమయం జరుగుతుంది. 180 కోట్ల బేస్‌ల క్రోమోజోముకు రెండు మూడంటే చాలా పల్చన. ఇందాక చెప్పిన ఎల్‌టీఆర్ కొనలు జతకట్టే అవకాశం కూడా ఆ మేరకు తగ్గుతుందని భావిస్తున్నారు. రెండోది, రెట్రోట్రాన్స్‌పోజాన్ల నోరు కట్టే చిన్న ఆర్ఎన్ఏలు. 24 న్యూక్లియోటైడ్ల పొడవుండే ఇవి పూలమొక్కల్లో ఒళ్లంతా పనిచేస్తాయి. స్ప్రూస్‌లో ఇవి ప్రధానంగా పునరుత్పత్తి కణజాలాల్లోనే కనిపించాయి.

ఇంకోవైపు వేగం చూడండి. జీనోమ్ ఉబ్బినా దానిలో అక్షరాల మార్పు చాలా నెమ్మది. 2017లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం ప్రోటీన్‌ను మార్చని ఉత్పరివర్తనాలు ఏడాది లెక్కన వివృతబీజాల్లో పూలమొక్కల కంటే సగటున ఏడు రెట్లు తక్కువ వేగంతో చేరుతున్నాయి. పైన్, స్ప్రూస్‌లు విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటింది. అయినా జన్యు పటాలు పక్కపక్కన పెడితే ఒకదాని క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువుల వరస చాలావరకు రెండోదానిలోనూ అదే. మధ్యలో వచ్చి చేరిన సరుకు వేరు, వరస అదే.

రెడ్‌వుడ్_లక్ష్మి

ఈ వరస నిలిచి ఉండటం వల్ల మాకు నేరుగా ఉపయోగం ఉంది. షుగర్ పైన్‌ను వైట్ పైన్ బ్లిస్టర్ రస్ట్ అనే శిలీంధ్ర తెగులు చంపుతోంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటి నుంచి ఉత్తర అమెరికాకు వచ్చింది. దాన్ని ఎదిరించే సీఆర్‌1 అనే ఒక ప్రబల జన్యువు కొన్ని చెట్లలో ఉంది. విత్తనం మొలిచాక ఏళ్ల తరబడి రోగానికి వదిలి చూడకుండా, డీఎన్ఏ మార్కర్‌తో ఎదురొడ్డే మొక్కను నర్సరీలోనే గుర్తించాలన్నది జీనోమ్ చదవడానికి ముఖ్యమైన కారణం. అడవుల్లో పెద్ద షుగర్ పైన్లు నిలువునా ఎండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక చెట్టుకు మూడు వందల ఏళ్లు పడుతుంది, మనం ఆలస్యం చేయడానికి వీల్లేదు.

అసెంబ్లీ_రవి

వనమాలి గారూ, ఇంకోటి పిల్లలకు చెప్పండి. కేంద్రకంలో ఇంత ఉబ్బిన ఈ చెట్ల క్లోరోప్లాస్ట్ జీనోమ్ మాత్రం చిక్కిపోయింది. 1994లో చదివిన జపాన్ నల్ల పైన్ క్లోరోప్లాస్ట్ జీనోమ్ 1,19,707 బేస్ జతలు. పూలమొక్కల్లో ఉండే పెద్ద విలోమ పునరావృతం (తిరగబడి రెండోసారి వచ్చే వరస) దీనిలో దాదాపు పూర్తిగా పోయింది, కిరణజన్య సంయోగక్రియకు తోడ్పడే ఎన్‌డీహెచ్ జన్యువుల్లో పనిచేసేది ఒక్కటీ మిగల్లేదు. మైటోకాండ్రియా మళ్లీ ఉబ్బింది: సైబీరియన్ లార్చ్‌లో అది 1.17 కోట్ల బేస్ జతలు. పైన్ కుటుంబంలో క్లోరోప్లాస్ట్ తండ్రి నుంచి, మైటోకాండ్రియా తల్లి నుంచి వస్తాయి. ఒకే కణంలో మూడు జీనోములు, మూడూ వేర్వేరు దారుల్లో నడిచాయి.

తిరుపతి_సైకస్

శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ మీద పనిచేసేవాళ్లతో తిరుగుతుంటాను. ఇది ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు, అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉన్న మొదటి జాబితాలో ఉంది. కోనిఫర్ కాదు కానీ వివృతబీజమే. 2022లో చైనాకు చెందిన సైకస్ పంఝిహువాయెన్సిస్ జీనోమ్ వచ్చింది, 1,050 కోట్ల బేస్ జతలు, పదకొండు క్రోమోజోములు. జింగో కూడా వెయ్యి కోట్ల దగ్గరే. పెద్ద జీనోమ్ పైన్ల సొంత గుణం కాదు, వివృతబీజాలన్నిటి గుణమని నాకనిపిస్తోంది. మన సైకస్ జీనోమ్‌ను కూడా ఎవరైనా చదవాలి. అడవి తగలబడే ప్రతి వేసవిలో కొన్ని చెట్లు మాడిపోతున్నాయి.

వనమాలి_విజయనగరం

అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. సుధ గారూ, ఒక్క చివరి అడుగు: పిల్లలకు పైన్ క్రోమోజోములు కళ్లారా చూపించాలని ఉంది. మా ల్యాబులో మామూలు కాంపౌండ్ మైక్రోస్కోపు, అసిటోకార్మిన్ ఉన్నాయి. వీలవుతుందా? చిల్గోజా మొలకెత్తుతుందా?

సుధ_కణశాస్త్రం

వీలవుతుంది. బజారు చిల్గోజా వేయించినది, మొలవదు. అటవీ నర్సరీల నుంచి చిర్ పైన్ విత్తనం తెప్పించుకోండి. తడి ఇసుకలో వేస్తే రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. వేరు కొన ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఉన్నప్పుడు కోయండి. పైన్ క్రోమోజోములు పొడవు, చిక్కుపడతాయి, అందుకని ఉల్లిపాయకు ఇచ్చినట్టు క్రోమోజోములు విడివిడిగా కనిపించేందుకు రసాయనంలో ఉంచే ముందస్తు చికిత్స రెండు మూడు గంటలు చాలదు, రాత్రంతా ఉంచాలి. కాల్చిసిన్ విషం, పిల్లల చేతికి ఇవ్వకండి. 8-హైడ్రాక్సీక్వినోలిన్ వాడి, ఆ దశ మీరే చేయండి. తర్వాత మూడు వంతులు ఇథనాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లంలో ఒక రోజు. వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెత్తబరిచి, తర్వాతే అసిటోకార్మిన్. కవర్ స్లిప్ మీద ఫిల్టర్ పేపర్ వేసి, బొటనవేలితో నిలువుగా నొక్కండి, పక్కకు జరగనివ్వొద్దు.

ఒక స్లైడులో పన్నెండు జతలూ విడివిడిగా పరుచుకున్న కణం ఒక్కటి దొరికితే చాలు. ముందుగా నాలుగైదు డజన్ల వేరు కొనలు సిద్ధం చేసి పెట్టుకోండి. పిల్లల్ని 24 లెక్కపెట్టమనండి, ఆ తర్వాత పొట్టిగా ఉన్న చివరి జతను వాళ్లే వెతుక్కోమనండి. ఫోటోలు ఇక్కడ పెట్టండి, ఏ జత ఏదో మనం కలిసి చూద్దాం.